నవారు బెల్టు

ఆవిడ ఆ రోజు గేటు వేయడం మరిచిపోలేదు. ఈ మాట చెప్పాల్సిన నాడు నేను చెప్పలేదు. మొన్న ఆవిడ జ్ఞాపకార్థ కూడికలో నలుగురి ముందు చెప్పే అవకాశం వస్తే అప్పుడూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

కూడిక విజయవాడ పటమటలో, చర్చి పక్కనున్న హాల్లో జరిగింది. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. ఆవిడ దగ్గర కుట్టు నేర్చుకున్న ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు లేచి మాట్లాడారు. చివర్లో ఆవిడ మేనల్లుడు మైకు అందుకున్నాడు. ఏడుస్తున్నవాళ్ళని కాస్త తేలికపరుద్దామనుకున్నాడు కాబోలు, "మా అత్తయ్యకి అన్నీ మంచి గుణాలే గానీ మతిమరుపొకటి. ప్రాణంగా పెంచుకున్న కుక్కని ఇంట్లో పెట్టి, గేటు బార్లా తీసి గుడికెళ్ళిపోయింది. ఆ కథ తనే చెప్పుకుని తనే తిట్టుకునేది" అన్నాడు. అందరూ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. నేను చేతిలో టీ పట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. టీ చల్లారిపోయింది. లేవలేదు.

ఆవిడ పేరు రాయను. పేటలో అందరికీ ఆవిడ టీచరు గారే. ఆడపిల్లల స్కూల్లో కుట్టు నేర్పేవారు. నేను ఆవిడ మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. అప్పట్లో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాని. పాతికేళ్ళు కూడా నిండలేదు. గది అడగడానికి వెళ్ళిన రోజు ఊరేదనీ, ఎవరివాళ్ళమనీ ఆవిడ అడగలేదు. నన్ను నిలబెట్టి భుజాల వంక చూసి, "ఆ చొక్కా ఎవరు కుట్టారయ్యా, చంకలో పట్టేస్తోంది" అన్నారు. మనిషి కనబడితే ఆవిడ చూపు మొహం కంటే ముందు భుజాల మీదికి వెళ్ళేది. తరవాత మెడ. మొహం ఆఖరున.

కొలత టేపు ఎప్పుడూ మెడలోనే ఉండేది. ఒకసారి అలాగే గుడికి, అంటే చర్చికి, వెళ్ళిపోతే, పాటలు పాడేప్పుడు పక్కావిడ మెల్లగా తీసి చేతిలో పెట్టిందట. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పెదవులు కదలకుండా మాట్లాడేవారు. ఆ భాష తన కుక్కకీ, స్కూల్లో చివరి బెంచీ పిల్లలకీ తప్ప ఎవరికీ అర్థం కాదనేవారు. పిల్లలకి పాఠం మొదలుపెట్టినప్పుడల్లా ఒక మాట చెప్పేవారు. "కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కత్తెర తప్పితే గుడ్డ పోయినట్టే." ఇది చెప్పాకే పిల్ల చేతికి కత్తెర ఇచ్చేవారు.

కుక్క పేరు బాబిన్. మిషనులో కింది దారం చుట్టే చిన్న చక్రం ఉంటుందే, అదీ పేరు. పిల్లగా ఉన్నప్పుడు ఆ చక్రాన్ని నోట కరుచుకుని ఇల్లంతా తిరిగి, కుర్చీలకీ మంచానికీ దారం చుట్టేసిందట. నల్లటి నాటు కుక్క. ఆడది. మిషను తొక్కుతుంటే ఆవిడ పాదాల పక్కనే పడుకునేది. ఎంత చప్పుడైనా లేచేది కాదు. మిషను ఆగితే లేచేది.

తోలు బెల్టు మెడ ఒరుస్తుందని ఆవిడ మంచానికి అల్లే నవారు ముక్క తీసుకుని, దగ్గర దగ్గరగా కుట్లు వేసి, ఇత్తడి కొక్కెం పెట్టి దానికి బెల్టు తయారుచేశారు. నవారు కాబట్టి మాసేది. అందుకని ఆదివారం పొద్దున్నే బోరింగు దగ్గర ముందు కుక్కకి స్నానం, తరవాత బెల్టుకి స్నానం. తడి నవారు మెడకి కడితే పుండు పడుతుందని, అది తీగ మీద ఆరేదాకా బాబిన్ బోసి మెడతో తిరిగేది. ఆ పూట గేటు తెరిచి ఉంచడానికి వీల్లేదు. బెల్టు లేని కుక్కని పట్టుకుపోయే బండ్లు తిరిగే కాలం అది. గుడికి బయల్దేరేప్పుడు ఆవిడ గొళ్ళెం వేసి, గేటుని ఒకసారి గుంజి చూసి, "బాబిన్, గుడికెళ్ళొస్తా" అనేవారు. గొళ్ళెం చప్పుడూ ఆ మాటా నాకు మేడ మీదికి వినబడేవి.

ఆ ఆదివారం కూడా రెండూ విన్నాను.

దివిసీమకి ఉప్పెన రావడానికి ముందటి ఏడు, వేసవి. నా స్నేహితుడొకడు కొత్తగా స్కూటరు కొన్నాడు. ఇద్దరం కలిసి తిరిగొద్దామని వీధి మలుపులో నాకోసం కాచుకున్నాడు. నేను కొత్త టెర్లిన్ చొక్కా వేసుకుని కిందికి దిగాను. ఆ చొక్కా కుట్టింది ఆవిడే. గొళ్ళెం తీసేసరికి బాబిన్ తడి ఒళ్ళుతో పరిగెత్తుకొచ్చి నా మీదికి ఎగబాకింది. చొక్కా మీద బురద కాళ్ళ గుర్తులు పడ్డాయి. దాన్ని కసురుకుని, ఆ విసురులోనే బయటికి వచ్చేశాను. గేటు వేయలేదు. అది నా వెనకే వచ్చింది. మామూలు రోజుల్లో, మెడలో బెల్టుతో, నన్ను మలుపు దాకా సాగనంపి తిరిగి వెళ్ళడం దానికి అలవాటు.

మలుపులో స్కూటరు పక్కనే కుక్కల బండి ఆగి ఉంది. చేతిలో పొడవాటి పట్టకారు పట్టుకున్నతను నన్నడిగాడు.

"ఏవండీ, ఈ కుక్క మీదేనా? మెడకి బెల్టు లేదు."

"మీదేనా అని అడుగుతావేంటయ్యా, చొక్కా మీద సంతకం పెట్టింది చూడు" అన్నాడు నా స్నేహితుడు. అని విరగబడి నవ్వాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. మాది హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లె. మా ఇళ్ళల్లో కుక్క వాకిట్లో పుట్టి వాకిట్లో పోయేది. దానికి పేరుండేది కాదు, స్నానం ఉండేది కాదు. కానీ ఆ మలుపులో నా నోరు కట్టేసింది ఆ పెంపకం కాదు. నా స్నేహితుడి నవ్వు. బండివాడు అడిగినదానికి నేను అవుననలేదు, కాదనీ అనలేదు. స్కూటరెక్కి "పద" అన్నాను. మేం కదులుతుండగా పట్టకారు బాబిన్ మెడకి పడింది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి టీచరు గారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. గుడికి కట్టుకున్న తెల్లచీర ఇంకా మార్చలేదు. చేతిలో ఆరిన బెల్టు ఉంది.

"బాబూ, నువ్వు వెళ్ళేప్పుడు గేటెలా ఉంది?"

"తీసే ఉందండి."

"నేను వేశానే. గుంజి కూడా చూశాను."

"రోజూ వేస్తారు కదండీ. ఇవాళ కూడా వేసినట్టే అనిపిస్తుంది. మరిచిపోయి ఉంటారు."

ఆవిడ గొళ్ళెం వంక చూశారు. తన చేతి వంక చూసుకున్నారు. "అంతేనంటావా" అన్నారు.

అంతేనన్నాను.

ఆ సాయంత్రం ఇద్దరం వెతకడానికి వెళ్ళాం. పటమట సందులన్నీ తిరిగాం. బందరు కాలవ గట్టు మీద చాలా దూరం నడిచాం. ఆవిడ కనబడినవాళ్ళందరినీ ఆపి, "నల్ల కుక్కండీ, మెడలో బెల్టు లేదు, గేటు నేనే వేయలేదు" అని చెప్పారు. అడగనివాళ్ళకి కూడా ఆ గేటు సంగతి చెప్పారు. నేను ఆవిడ కంటే గట్టిగా బాబిన్, బాబిన్ అని పిలిచాను. అది ఎక్కడుందో తెలిసిన నోటితోనే పిలిచాను. అప్పుడే చెప్పి ఉంటే దాన్ని విడిపించుకు రాగలిగేవాళ్ళమేమో. బండి వచ్చిన సంగతి మలుపులో కిళ్ళీకొట్టతను చెప్పాకగానీ ఆవిడకి తెలియలేదు. పట్టిన కుక్కల్ని పెట్టే దొడ్డికి రిక్షా కట్టించుకుని వెళ్ళారు. అప్పటికి ఆలస్యమైపోయింది. తిరిగొచ్చి బెల్టుని తలుపు పక్క మేకుకి తగిలించారు.

తరవాత ఆవిడ మారిన తీరు నేను రోజూ పైనుంచి చూశాను. స్కూలుకి బయల్దేరి సగం దారి వెళ్ళి, గేటు వేశానా అని వెనక్కి వచ్చేవారు. స్టవ్వు ఆర్పానా అని మళ్ళీ లోపలికి వెళ్ళేవారు. అంతకంటే పెద్ద మార్పు కొన్నాళ్ళకి తెలిసింది. ఆవిడ కత్తెర పట్టడం మానేశారు. స్కూల్లో కోత పాఠం వేరే టీచరుకి ఇచ్చేశారు. ఇంటికొచ్చిన గుడ్డలు కూడా సుద్దతో గీత గీసి, ఇంకొకరి చేత కోయించి, కుట్టడం మాత్రం తను కుట్టేవారు. ఎందుకండీ అని అడిగితే మిషను ఆపకుండానే చెప్పారు.

"వేశాననుకున్నది నా చెయ్యి వెయ్యలేదు బాబూ. అలాంటి చేత్తో జనం గుడ్డలు కొయ్యకూడదు."

అప్పుడైనా చెప్పాల్సింది. మేడ మెట్లెక్కి గదిలోకి వెళ్ళిపోయాను.

మరుసటి ఏడు ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళు పోయాయని కబురు తెలిసిన వెంటనే పేటలో అందరూ బట్టలు పోగుచేశారు. లారీ మా ఆఫీసు నుంచే బయల్దేరింది. సామాను చూసుకోవడానికి నన్ను వెళ్ళమన్నారు. ఎక్కించిన మూటల వంక చూసి టీచరు గారు, "చీరలు పంపిస్తున్నారు సరే. జాకెట్టు లేకుండా ఆడది చీర ఎలా కట్టుకుంటుందయ్యా? ఎవరికైనా తోచిందా?" అన్నారు. ఎవరికీ తోచలేదు. ఇంటికెళ్ళి చేత్తో తిప్పే మిషనూ, గుడ్డ తానులూ వేసుకుని తనూ లారీ ఎక్కారు.

అవనిగడ్డ దాటాక ఏం చూశామో ఇక్కడ రాయను. అది చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక ఊళ్ళో స్కూలు భవనమొక్కటే నిలిచింది. దాని వరండాలో ఆవిడ మిషను పెట్టారు. మేమిచ్చిన చీరలు ఒంటికి చుట్టుకుని ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. టీచరు గారు కొలతలు తీసుకున్నారు, గుడ్డ మీద గీతలు గీశారు. కోసేవాళ్ళు లేరు. కత్తెర నా చేతిలో పెట్టారు.

"నాకు రాదండీ. లారీ లోడు లెక్క చూసుకునేవాణ్ణి నేను."

"గీత మీద పో, అంతే. నీ చెయ్యి నమ్మకమైన చెయ్యి."

ఉన్నన్నాళ్ళూ నేను జాకెట్లు కోశాను. తప్పు కోయలేదు. ఆ మాట విన్న చెయ్యి తప్పు కోయడానికి కూడా భయపడింది.

వరండా ఎదురుగా కాస్త దూరంలో ఒకప్పుడు ఇల్లుండిన చోటు ఉంది. ఇల్లు లేదు. రోలు మాత్రం మిగిలింది. నీళ్ళు దాన్ని కదపలేకపోయాయి. ఆ రోలు మీద ఒక కుక్క ముడుచుకుని కూర్చుని ఉండేది. ఎర్రటి కుక్క, పక్కటెముకలు బయటికొచ్చాయి. రోలు దిగేది కాదు.

"ఆ ఇంట్లోవాళ్ళెవరూ లేరమ్మా" అంది జాకెట్టు కోసం కూర్చున్న ఒకామె. "ఇదొక్కటే మిగిలింది. ఎవరు పిలిచినా రాదు."

"పిలవకండి" అన్నారు టీచరు గారు. "ఎవరు పిలిచినా ఆ గొంతు కాదుగా."

పని అయ్యాక ఆవిడ ఆకులో అన్నం పట్టుకెళ్ళి రోటి కింద పెట్టి, దాని వైపు చూడకుండా తిరిగొచ్చేవారు. మొదట ముట్టలేదు. తరవాత తింది. ఇంకా తరవాత మిషను చప్పుడు వినబడుతుంటే రోలు దిగి వరండా ముందుకు వచ్చి, అక్కడున్న విరిగిన బండి మీదికెక్కి పడుకునేది. ఎంత ఎండ కాసినా వరండా కిందికి వచ్చేది కాదు. కప్పు కింద దానికి భయం. ఎత్తు కనబడితే ఎక్కేది.

తిరిగి బయల్దేరే రోజు అది లారీ పక్కన నిలబడి పైకి చూస్తోంది.

"ఎక్కించండి టీచరు గారూ, టిక్కెట్టు కొట్టంలే" అన్నాడు డ్రైవరు.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "గేటు వేయడం మరిచిపోయేదానికి కుక్కెందుకయ్యా. ఉప్పెనకే పోనిది నా చేతిలో పోతుంది."

"నేను పెంచుకుంటానండి" అన్నాను. పోయినదానికి బదులు ఇది ఇస్తే సరిపోతుందని నా లెక్క. చెప్పాల్సిన మాట దాచుకుని, కుక్కనెత్తి లారీలో ఖాళీ గోతాల మీద పెట్టాను.

పటమటలో అది తిన్నగా మెట్లెక్కి నా గది ముందు, ఆరుబయట పడుకుంది. వాన పడితే పిట్టగోడ ఎక్కి నిలబడేది. నాకూ దానికీ అంతగా పొత్తు కుదరలేదు. కింద మిషను తిరగడం మొదలైతే చెవులు నిక్కించి సగం మెట్ల దాకా దిగేది. అన్నం ఆవిడే పెట్టేవారు, మెట్టు మీద. తాకేవారు కాదు. నాతో మాట్లాడితే "నీ కుక్క" అనేవారు. ఏం పేరు పెడదామండీ అని ఒకసారి అడిగాను.

"దానికో పేరుండే ఉంటుంది బాబూ. పెట్టినవాళ్ళు పోయారు. మళ్ళీ మనం ఇంకోటి పెట్టడమెందుకు?"

అది పేరు లేకుండానే ఆ ఇంట్లో చాలా ఏళ్ళు బతికింది. నేను మాత్రం ఎన్నాళ్ళో ఉండలేదు. నేను అసలు సంగతి చెప్పిన నెల ఆఖరుకి టీచరు గారు నన్ను గది ఖాళీ చేయమన్నారు. గొంతు పెంచలేదు. "వేరే చోటు చూసుకో బాబూ. కుక్కనిక్కడే వదిలెయ్" అన్నారు. క్షమించానని అప్పుడు అనలేదు, తరవాత కూడా అనలేదు. ఊళ్ళో ఉన్నంతకాలం అప్పుడప్పుడూ చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. కాఫీ ఇచ్చేవారు. నా చొక్కా భుజాల వంక చూసి ఎవరు కుట్టారని అడిగేవారు. ఒకసారి వెళ్ళేసరికి ఆ ఎర్ర కుక్క ఇంట్లో, కప్పు కింద, మిషను పక్కన ఆవిడ పాదాలకి ఆనుకుని పడుకుని ఉంది. మెడలో నవారు బెల్టు. దాని అంచు ఎక్కడా వంకర పోలేదు. అది నా కోత కాదు. ఆవిడ కోత.

గేటు కథ మాత్రం ఆవిడ సరిదిద్దలేదు. సరిదిద్దితే నా పేరు చెప్పాలి. ఇంతకాలం బంధువులు మతిమరుపుదని నవ్వుతుంటే ఆవిడా నవ్వారు. మొన్న హాల్లో అందరూ నవ్వినప్పుడు అది నాకు తెలిసింది.

ఇక ఆవిడకి నిజం చెప్పిన ఆ రోజు సంగతి చెప్పి ఆపుతాను.

క్రిస్మస్ అయిపోయిన తరవాత ఒక మధ్యాహ్నం టీచరు గారు మెట్లెక్కి పైకి వచ్చారు. నేనున్నన్నాళ్ళలో ఆవిడ పైకి రావడం అదే మొదలు. చేతిలో నవారు, సుద్ద, కత్తెర ఉన్నాయి.

"వీధిలో బండి తిరుగుతోందట. నీ కుక్క మెడ బోసిగా ఉంది" అన్నారు.

ఎండలో నేల మీద కూర్చున్నారు. మెడలోంచి టేపు తీసి కుక్క మెడ చుట్టూ వేశారు. అది కదలలేదు. కొలత చూశాక కూడా ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. వేళ్ళు కాసేపు ఆ బొచ్చులోనే ఉన్నాయి. తరవాత నవారు మీద గీత గీసి, కత్తెర నా వైపు చాపారు.

"కొయ్యి. గేటు సంగతి కూడా నువ్వే చూసుకోవాలి బాబూ. నా మీద పెట్టకు."

నేను కత్తెర తీసుకోలేదు.

"బాబిన్‌ని పట్టుకోవడం నేను చూశానండి" అన్నాను. "మలుపులోనే ఉన్నాను. మీదేనా అని అడిగారు. నేను మాట్లాడలేదు. స్కూటరెక్కి వెళ్ళిపోయాను."

చాపిన చెయ్యి అలాగే ఉంది. ఒకటే అడిగారు.

"అది నీ వైపు చూసిందా?"

"చూసిందండి. తోకూపింది."

ఆవిడ కత్తెర ఒళ్ళో పెట్టుకుని దాని వంకే చూశారు. నన్ను ఏదో ఒకటి అంటారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ తనని తనే అన్నారు.

"నిన్ను అని ఏం లాభం. గేటు వెయ్యంది నేను."

"కాదండీ" అన్నాను. "గొళ్ళెం చప్పుడు నేను విన్నాను. గుడికెళ్ళొస్తానని మీరు దానితో అన్నది కూడా విన్నాను. తీసింది నేను, వెయ్యకుండా వదిలింది నేను, మీరు మరిచిపోయారని చెప్పింది కూడా నేనే. నన్ను క్షమించండి టీచరు గారూ. ఆ రోజు గేటు మీరు వేశారు."